ఇంజను చెడి కొట్టుకుపోతున్న ఫైబర్ బోటు నేవీ విమానానికి కనబడుతుందా?

భైరవపాలెం కుర్రోడు

అందరికీ నమస్కారం అండి. మాది భైరవపాలెం, గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట. నేను కాకినాడలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న, బాబాయి, ఇంకో ఇద్దరు కలిసి ఫైబర్ బోటు మీద వేటకెళ్తారు. 28 అడుగుల బోటు, ఒక ఇంజను, ఒక జీపీఎస్. వాకీటాకీ ఉంది గానీ బ్యాటరీ పాడైందని ఆ వారం ఇంట్లోనే వదిలేశారు.

మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున వెళ్ళారు. మధ్యాహ్నానికి ఇంజను ఆగిపోయింది. ఎంత లాగినా స్టార్ట్ కాలేదు. సెల్‌ఫోన్‌కి సిగ్నల్ లేదు. లంగరు వేద్దామంటే అడుగు అందనంత లోతు. ఆ రాత్రి, మర్నాడంతా, మళ్ళీ ఆ రాత్రి నీరు ఎటు లాగితే అటు పోయారు. మా అమ్మ మాత్రం చేపలు బాగా పడుతున్నాయేమో, అందుకే ఇంకో రోజు ఉన్నారేమో అనుకుంది. అలా ఆలస్యం కావడం మా ఊళ్ళో మామూలే.

రెండో రోజు ఉదయం 9 గంటలప్పుడు ఒక విమానం వచ్చిందట. చూడ్డానికి ప్రయాణికుల విమానంలాగే ఉంది, బూడిద రంగు, కానీ చాలా కిందుగా పోయింది. బాబాయి లుంగీని తెడ్డుకు కట్టి ఊపాడు. నలుగురూ నిలబడి అరిచారు. గంట తర్వాత అదే విమానం ఇంకాస్త దూరం నుంచి మళ్ళీ వెళ్ళింది. ఇటు తిరగలేదు. మూడో రోజు పొద్దున ఒక సోనా బోటు (పెద్ద మర బోటు) వాళ్ళు చూసి, తాడు కట్టి కాకినాడ దాకా లాక్కొచ్చారు. అందరూ క్షేమంగా ఉన్నారు.

కానీ ఆ రోజు నుంచి నాన్న భోజనం దగ్గర కూర్చున్నప్పుడల్లా అదే అడుగుతున్నాడు: "ఒరే, మనం కనబడ్డామంటావా, కనబడలేదంటావా?" కనబడి కూడా వెళ్ళిపోయారేమో అన్నది ఆయన బాధ. నాకు జవాబు తెలీదు. ఆ విమానాల్లో ఏముంటుంది, మా బోటులాంటిది వాటికి కనబడుతుందా, రాత్రిపూట కనబడుతుందా, కనబడాలంటే మేమేం చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇంకో మాట. మా బాబాయి వలలో రెండేళ్ళ క్రితం మూరెడు పైన పొడవున్న గొట్టం ఒకటి పడింది, ఒక చివర తీగలు వేలాడుతున్నాయట. సముద్రంలోనే పడేశారు. అది ఈ విమానాలదేనా?


హార్బర్ బోటు ఓనరు, కాకినాడ

తమ్ముడూ, ముందు నలుగురూ ఇల్లు చేరారు, అదే చాలు. గంగమ్మ తల్లి దయ.

నాకు తెలిసింది చెబుతా. మన వైపు రెండు రకాల విమానాలు తిరుగుతుంటాయి. ఒకటి డోర్నియర్. చిన్నది, రెక్కలు పైన ఉంటాయి, ముందు రెండు ఫ్యాన్లు తిరుగుతుంటాయి, పొట్ట కింద గిన్నె బోర్లించినట్టు ఒక ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బులోనే రాడార్. కోస్ట్ గార్డు దగ్గరా ఉన్నాయి, నేవీ దగ్గరా ఉన్నాయి. మీ నాన్న చూసింది అది కాదు. ప్రయాణికుల విమానంలా ఉందన్నావు కాబట్టి అది నేవీ వాళ్ళ నిఘా విమానం పీ-8ఐ అయి ఉంటుంది.

2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను వచ్చింది గుర్తుందా, కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. దానికి ముందు మా ట్యూనా బోటు లోపల ఉంది. నాలుగు రోజుల వేటకని వెళ్ళాం, రెండో రోజుకే తూరలు (ట్యూనా చేపలు) బాగా పడుతున్నాయి. అప్పుడు డోర్నియర్ మా నెత్తి మీదికి వచ్చి, వాకీటాకీలో, ఆపదలో అందరూ వినే 16వ ఛానెల్‌లో తెలుగులోనే చెప్పింది, తుఫాను వస్తోంది, ఒడ్డుకు వెళ్ళిపోండి అని. మా సరంగు ఆ మాట విని వల ఎత్తించేశాడు. వాకీటాకీ లేకపోతే ఆ విమానం ఎన్ని చక్కర్లు కొట్టినా మాకు అర్థమయ్యేది కాదు. కాబట్టి వాకీటాకీ ఇంట్లో పెట్టి వెళ్ళడం మాత్రం ఇంకెప్పుడూ చేయొద్దని బాబాయికి గట్టిగా చెప్పు.


రాజోలు రిటైర్డ్ నేవీ

బాబూ, మీ నాన్నగారి మాట చదివి మనసు పట్టేసింది. సమాధానం రాయడానికి రెండు రోజులు పట్టింది.

నేను 1992లో నేవీలో చేరి 2017లో రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం తమిళనాడులోని అరక్కోణం నేవీ విమాన స్థావరం, ఐఎన్‌ఎస్ రాజాలిలో గడిచింది. విమానం లోపల తెర ముందు కూర్చుని సముద్రాన్ని చూసే ఉద్యోగం. మొదట టీయూ-142 అనే పాత నిఘా విమానం మీద, చివరి నాలుగేళ్ళు పీ-8ఐ మీద. ఇప్పుడు మా ఊళ్ళో కొబ్బరి తోట చూసుకుంటున్నాను. బయట చెప్పకూడనివి చెప్పను, ఆ అవసరం కూడా లేదు. అందరికీ తెలిసిన విషయాలతోనే నీకు జవాబు దొరుకుతుంది.

ముందు నాన్నగారికి ఇది చెప్పు. వాళ్ళ బోటు ఆ విమానం తెర మీద ఒక చుక్కగా పడే ఉండవచ్చు. కానీ ఆ చుక్క కష్టంలో ఉందని చెప్పే గుర్తు ఒక్కటీ ఆ తెర మీద ఉండదు. చూసి కూడా వదిలేశారని ఆయన అనుకోవద్దు. పైనుంచి చూసేవాడికి ఆగి ఉన్న బోటు అంటే వల వేసుకుని కూర్చున్న బోటు. మన సముద్రంలో ఏ ఉదయం చూసినా అలాంటివి వందల్లో ఉంటాయి. లుంగీ ఊపారన్నావు. నేను కిటికీ దగ్గర కూర్చున్న రోజుల్లో మాకు చేయి ఊపని బోటు లేదు. పిల్లలు ఊపుతారు, పెద్దలు ఊపుతారు, సంతోషంగా ఊపుతారు. ఆ ఊపులో ఏది పలకరింపు, ఏది ప్రాణభయం అన్నది అంత వేగంలో తెలియదు. ఈ మాట రాస్తుంటే నాకే బాధగా ఉంది, ఎందుకంటే నేను దాటి వచ్చిన బోట్లలో అలాంటిది ఒక్కటీ లేదని నేను ప్రమాణం చేయలేను.

ఇక విమానం సంగతి. పీ-8ఐ బోయింగ్ 737 మీద కట్టిన విమానం, అందుకే ప్రయాణికుల విమానంలా కనిపించింది. 2009లో 8 విమానాలకు ఒప్పందం కుదిరింది, మొదటిది 2013 మేలో అరక్కోణంలో దిగింది. తర్వాత ఇంకో 4 వచ్చాయి. అరక్కోణం నుంచి భైరవపాలెం ముందు సముద్రానికి సుమారు 500 కిలోమీటర్లు, దానికి ముప్పావు గంట లోపు పని. అది 2,200 కిలోమీటర్లు వెళ్ళి, అక్కడ 4 గంటలు తిరిగి, మళ్ళీ ఇంటికి రాగలదు. అంటే మీ నాన్నగారు చూసినప్పుడు అది ఎక్కడికో వెళ్తూనో, ఎక్కడి నుంచో వస్తూనో కూడా ఉండవచ్చు.

ముక్కులో పెద్ద రాడార్ ఉంటుంది. మన పీ-8ఐకి వెనక వైపు చూడడానికి ఇంకో రాడార్ కూడా ఉంది, అమెరికా వాళ్ళ పీ-8ఏలో అది లేదు. రాడార్ చూపు ఎంత దూరం అన్నది మొదట ఎత్తు మీద ఆధారపడుతుంది, భూమి గుండ్రం కాబట్టి. మీ నాన్నగారు బోటులో నిలబడితే ఆయనకు నీరూ ఆకాశమూ కలిసే గీత 6 కిలోమీటర్ల లోపే. వెయ్యి అడుగుల ఎత్తున ఉన్న విమానానికి అదే గీత 70 కిలోమీటర్లు. 10 వేల అడుగులకు వెళ్తే 225 కిలోమీటర్ల పైన. అందుకే ఎత్తు నుంచి పెద్ద ఓడలన్నీ తేలిగ్గా దొరుకుతాయి. ఓడ ఇనుము, రాడార్ అలను గట్టిగా తిప్పి కొడుతుంది. అల మీద ఓడ ఊగే తీరును బట్టి దాని ఆకారాన్నే బొమ్మగా గీసి చూపించే పద్ధతి కూడా ఉంది. ఓడ స్తంభం (మాస్ట్) ఎక్కడుంది, క్రేన్లు ఎక్కడున్నాయి అని ఆ బొమ్మలో లెక్కపెట్టుకోవచ్చు.

మీ బోటు ఫైబర్. రాడార్ అల దానిలోంచి చాలావరకు దూసుకుపోతుంది. తిరిగి వచ్చేది ఇంజను నుంచి, తడిసిన మనుషుల నుంచి, ఏదో కాస్త. అల ఎత్తు కూడా బోటు అంచు ఎత్తే ఉంటుంది, కాబట్టి ఆ కాస్త సమాధానం కెరటాల సమాధానంలో కలిసిపోతుంది. సముద్రం నూనె పోసినట్టు ఉన్న రోజున కనబడే బోటు, తూర్పు గాలి లేచి తెల్లటి నురగ వచ్చిన రోజున తెర మీద మాయమవుతుంది. ఇది యంత్రం లోపం కాదు. జలాంతర్గామి పైకెత్తే సన్నటి గొట్టాన్ని కెరటాల్లో పట్టుకునే రాడార్ అది. కానీ పట్టుకోవాలంటే అక్కడ వెతుకుతూ ఉండాలి, విమానాన్ని దానికి తగ్గ ఎత్తులో నడపాలి.

పొట్ట కింద ఒక కెమెరా ఉంటుంది, అన్ని వైపులా తిరిగేది. పగలు మామూలుగా చూస్తుంది, రాత్రి వేడిని చూస్తుంది. నడుస్తున్న ఇంజను, వంట చేసుకునే పొయ్యి, మనిషి ఒళ్ళు ఇవన్నీ చల్లటి నీటి ముందు తెల్లగా మెరుస్తాయి. మీ నాన్నగారి బోటు ఇంజను ముందు రోజు మధ్యాహ్నమే ఆగిపోయింది, అంటే అది సముద్రంతో సమానంగా చల్లారిపోయింది. మనుషుల వేడి మాత్రమే మిగిలింది. ఇంకో సంగతి, ఆ కెమెరా చాలా సన్నటి మేర చూస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. ఎక్కడ చూడాలో తెలిస్తే ముఖం తిప్పిన మనిషిని కూడా చూపిస్తుంది. తెలియకపోతే దానితో సముద్రమంతా వెతకలేం.

పెద్ద ఓడలు ఏఐఎస్ అనే పరికరంతో తమ పేరు, వేగం, దిక్కు తామే ప్రకటించుకుంటాయి. మన దగ్గర 20 మీటర్లు దాటిన ఫిషింగ్ బోట్లకు అది తప్పనిసరి. మీది 28 అడుగులు, అంటే తొమ్మిది మీటర్ల లోపే. మీ బోటు ఆ జాబితాలో లేదు.

అసలు ఈ విమానం పుట్టిందే జలాంతర్గాముల కోసం. ఒళ్ళంతా ఆ సామానే. నీటిలో చప్పుడు వినే గొట్టాలైన సోనోబోయ్‌లు, టార్పెడోలు, ఓడల మీదికి వేసే హార్పూన్ క్షిపణులు. తోక వెనక పొడుచుకు వచ్చిన కాడ లాంటిది చూసి ఉంటే, అది అయస్కాంతాన్ని కొలిచేది. నీటి కింద అంత ఇనుము ఉంటే అక్కడి భూమి అయస్కాంతత్వం కొద్దిగా మారుతుంది, దాన్ని కిందుగా ఎగురుతూ పట్టుకుంటుంది. అమెరికా పీ-8ఏలో ఆ కాడ కూడా లేదు. మన వాళ్ళు కావాలని పెట్టించుకున్నారు, అది సరైన నిర్ణయమని నా నమ్మకం.

వెతకడానికే వచ్చిన విమానం ఇలా ఉండదు. దానికి ఒక చోటు చెప్పి పంపుతారు. అక్కడ నాగటి చాళ్ళు వేసినట్టు వరసగా అటూ ఇటూ తిరుగుతుంది. మనుషులు కిటికీల దగ్గర కళ్ళు అలిసిపోయేదాకా చూస్తారు, అరగంటకోసారి చోటు మారుతారు. ఎంత రాడార్ ఉన్నా చివరికి బోటును ఖాయం చేసేది కళ్ళే. చిన్న బోటును మంచి వెలుగులో కొన్ని కిలోమీటర్ల నుంచి చూడవచ్చు. నీళ్ళలో మనిషి తల ఒక్కటే అయితే కిలోమీటరు లోపల కూడా కష్టం.

అందుకే ఎంత తొందరగా కబురందితే అంత మంచిది. ఒక లెక్క చెబుతాను. బోటు ఆగిన చోటు చుట్టూ 10 కిలోమీటర్ల లోపలే ఉంటుందనుకుంటే వెతకాల్సింది 314 చదరపు కిలోమీటర్లు. ఒక రోజు గడిచి అది 40 కిలోమీటర్లు అయితే 5 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. కోనసీమ జిల్లా మొత్తానికి రెండింతల పైన. అంత మేరలో తొమ్మిది మీటర్ల బోటు.

2016 జూలై 22న ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 విమానం తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతంలో మాయమైంది. అందులో 29 మంది, వాళ్ళలో 8 మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు, డోర్నియర్లు, మా పీ-8ఐలు అన్నీ వెతికాయి. ఏమీ దొరకలేదు. దాని శకలాలు చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఉన్నాయని 2024 జనవరిలో తెలిసింది, అదీ నీటి అడుగున తిరిగే యంత్రం తీసిన ఫొటోల వల్ల. ఆ రోజుల్లో డ్యూటీ దిగి గదికి వచ్చాక కూడా నాకు కళ్ళు మూస్తే నీళ్ళే కనిపించేవి. మేం సరిగ్గా చూడలేదా అని ఎన్నో రాత్రులు అనుకున్నాను. మీ నాన్నగారి ప్రశ్న కింద నుంచి అడిగింది. నేను అదే ప్రశ్న పైనుంచి అడుక్కున్నాను.

గొట్టం సంగతి, మీరేం చేయాలన్న సంగతి రేపు రాస్తాను. చాలా పొడుగైపోయింది.


పల్లం ఆడపడుచు

మాది కాట్రేనికోన దగ్గర పల్లం. సార్ రాసిన దాంట్లో కబురు తొందరగా అందాలన్న మాట గురించి నేనూ చెప్పాలి.

1996 నవంబరు 6 తుఫానులో మా మేనమామ వేటకెళ్ళి తిరిగి రాలేదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఎన్ని ఇళ్ళలో మగవాళ్ళు పోయారో మీకు నేను చెప్పనక్కర్లేదు. అప్పట్లో ఎవరు ఏ రోజు వెళ్ళారో, ఏ బోటులో ఎంతమంది ఉన్నారో కూడా సరిగ్గా తెలియక, పోయినవాళ్ళ లెక్క తేలడానికే చాలా రోజులు పట్టింది. మా అమ్మమ్మ మాత్రం చనిపోయే వరకు కొడుకు ఏదో ఊళ్ళో ఉన్నాడనే అనేది.

మా డ్వాక్రా గ్రూపు ఆడవాళ్ళం ఇప్పుడు ఒక పుస్తకం పెట్టాం. బోటు వెళ్ళే ముందు బోటు నంబరు, ఎంతమంది, ఎటు వైపు, ఎప్పటికి వస్తారు అని రాసుకుంటాం. చెప్పిన టైము దాటి 6 గంటలైతే ముందు పక్క బోట్ల వాళ్ళకు ఫోన్లు చేస్తాం. అక్కడా తెలియకపోతే కోస్ట్ గార్డు నంబరు 1554కి చేస్తాం. మొదట్లో మగవాళ్ళు అపశకునం అన్నారు, వెళ్ళేటప్పుడే రాకపోవడం గురించి మాట్లాడతారేంటి అని. ఇప్పుడు వాళ్ళే వచ్చి రాయించుకుంటున్నారు. తమ్ముడూ, మీ అమ్మగారితో నేను మాట్లాడతాను కావాలంటే. ఆవిడ తప్పేమీ లేదు. ఎదురుచూడడమే మనకు అలవాటు చేశారు.


అమలాపురం ఫిజిక్స్ మాస్టారు

గొట్టం గురించి రాజోలు వారు రాసేలోపు ఒక ముక్క. అది సోనోబోయ్ అయి ఉంటే, దాని పని వినడం. విమానం నీటి లోపలికి చూడలేదు, రాడార్ అల ఉప్పునీటిలో చొరబడదు. ధ్వని మాత్రం నీటిలో సెకనుకు 1,500 మీటర్ల వేగంతో చాలా దూరం వెళ్తుంది. కాబట్టి విమానం తన చెవులను కిందికి జారవిడుస్తుంది.

ఇందులో మన గోదావరికి ఒక పాత్ర ఉంది. అది చెప్పాలనే రాస్తున్నాను. నీటిలో ధ్వని వేగం వేడి పెరిగితే పెరుగుతుంది, ఉప్పు పెరిగినా పెరుగుతుంది. ధ్వని ఎప్పుడూ వేగం తక్కువగా ఉన్న వైపు వంగుతుంది. వరదల తర్వాత గోదావరి, కృష్ణ, మహానది, గంగ నీళ్ళు వచ్చి బంగాళాఖాతం మీద ఉప్పు తక్కువ పొరగా పరుచుకుంటాయి. మన వేటగాళ్ళు పై నీరు, అడుగు నీరు అని విడిగా చెబుతారు, అది నిజమే. ఆ పొరలో ధ్వని పైనే చిక్కుకుపోయి ఆడుతుంది, కింద ఉన్నదాని చప్పుడు పైకి సరిగ్గా రాదు. కాబట్టి ఒకే చోట ఆగస్టులో వినబడే దూరం వేరు, ఏప్రిల్‌లో వేరు. జలాంతర్గామి నడిపేవాడూ దీన్ని లెక్కేసుకుంటాడు, వెతికేవాడూ లెక్కేసుకోవాలి. అందుకే ముందు ఉష్ణోగ్రత కొలిచే బోయ్ ఒకటి వేసి, లోతు లోతుకీ వేడి ఎలా మారుతోందో చూస్తారు. భద్రాచలం దగ్గర గోదావరికి వచ్చిన మూడో ప్రమాద హెచ్చరిక నీళ్ళు సముద్రంలో జలాంతర్గాముల వేట దాకా వెళ్తాయని క్లాసులో చెబితే పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.


రాజోలు రిటైర్డ్ నేవీ

మాస్టారు గారూ, చాలా చక్కగా చెప్పారు. టీయూ-142 రోజుల్లో మేం ఈ పొర గురించి తిట్టుకోని సెప్టెంబరు లేదు.

బాబూ, సోనోబోయ్ సుమారు 90 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల మందం ఉంటుంది. చిన్న పారాచూట్‌తో పడుతుంది. ఉప్పునీరు తగలగానే లోపలి బ్యాటరీ పని మొదలుపెడుతుంది. పైన చిన్న బెలూన్ తేలి, అందులోని ఏరియల్ విమానానికి రేడియోలో చెబుతుంది. కిందికి సన్నటి తీగతో మైకు దిగుతుంది. కొన్ని గంటలు విని, తర్వాత తనంతట తానే మునిగిపోతుంది. మీ బాబాయి చూసింది అదేనా అన్నది చూడకుండా చెప్పను. కానీ ఒక హెచ్చరిక. సముద్రంలో చోటు గుర్తు పెట్టడానికి వేసే పొగ గొట్టాలు కూడా చూడ్డానికి అలాగే ఉంటాయి. వాటిలో భాస్వరం ఉంటుంది, గాలి తగిలితే మళ్ళీ మండవచ్చు. ఇనుప సామానుకు డబ్బులొస్తాయని ఇంటికి తెచ్చి సుత్తితో కొట్టొద్దు. బోటులోకి ఎక్కించకుండా వదిలేయండి, ఒడ్డున కనబడితే పిల్లల్ని దూరంగా ఉంచి మెరైన్ పోలీసులకు చెప్పండి.

ఇప్పుడు కనబడడం గురించి. అన్నిటికంటే ముందు డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్, డ్యాట్ అంటారు. ఇస్రో చేసింది. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా మీరున్న చోటు చెన్నైలోని కోస్ట్ గార్డు రెస్క్యూ సెంటర్‌కు చేరుతుంది. కొత్త రకంలో మీ కబురు అందిందని తిరుగు జవాబు కూడా వస్తుంది. నా మట్టుకు ఆ తిరుగు జవాబే పెద్ద మందు. నడిసముద్రంలో మనిషిని చంపేది సగం టెన్షనే. మత్స్యశాఖ ఆఫీసులో అడగండి.

ఆ తర్వాత వాకీటాకీ. బోటు నుంచి బోటుకు కొద్ది దూరమే అందుతుంది గానీ, విమానం ఎత్తున ఉంటుంది కాబట్టి దానికి చాలా దూరం నుంచే వినబడుతుంది. ఆ రోజు 16వ ఛానెల్‌లో "ఇంజను చెడింది, కొట్టుకుపోతున్నాం" అని ఒక్క మాట వెళ్ళి ఉంటే, ఆ చుక్కకు అర్థం వచ్చేది.

రాడార్‌కు కనబడడానికి మీరే చేసుకోగలిగింది ఒకటుంది. మూడు అల్యూమినియం రేకులు ఒకదానికొకటి సరిగ్గా లంబంగా ఉండేలా అమర్చితే, గది మూల లాగా, ఆ మూలలోకి వచ్చిన అల వచ్చిన వైపే తిరిగి పోతుంది. అలాంటి మూలలు ఎనిమిది ఒకటిగా కలిస్తే అన్ని వైపులా పనిచేస్తుంది. రేకు అంచు రెట్టింపు చేస్తే తిరిగి వెళ్ళే బలం 16 రెట్లవుతుంది, కాబట్టి చిన్నది చేసి సరిపెట్టుకోవద్దు. అంచు 30 సెంటీమీటర్లు తగ్గకుండా చూడు. మూలలు కచ్చితంగా ఉండాలి, కాస్త వంకర పోయినా చాలా నష్టం. ఎంత ఎత్తున కడితే అంత మంచిది. వంట గిన్నెలు వేలాడదీస్తే చాలని కొందరంటారు. గిన్నె గుండ్రంగా ఉంటుంది, అలను నాలుగు వైపులా చెదరగొట్టేస్తుంది, దాని మీద ప్రాణం పెట్టుకోవద్దు.

పగలైతే అద్దం. అరచేయంత అద్దంతో ఎండను విమానం మీదికి పంపితే లుంగీ కంటే ఎన్నో రెట్లు దూరం నుంచి కనబడుతుంది, పైగా వేటకు కూర్చున్నవాడు అద్దం కొట్టడు. నారింజ రంగు టార్పాలిన్ ఒకటి బోటు మీద పరచండి. నీలం టార్పాలిన్ వద్దు. మన వాళ్ళంతా అదే కొంటారు, నీటి మీద నీలం ఉన్నా లేనట్టే.

ఫిబ్రవరిలో మన తీరం వెంట నీరు ఉత్తరానికి లాగుతుంది, నవంబరులో దక్షిణానికి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళ దగ్గర, బోటు ఆగిన చోటు, టైము చెబితే ఇప్పుడు ఎక్కడికి పోయి ఉంటుందో లెక్కకట్టే పద్ధతి 2016 నుంచి ఉంది. కానీ ఆ రెండూ ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే పల్లం అమ్మాయి పుస్తకం నాకు ఏ రాడార్ కంటే తక్కువగా కనబడటం లేదు.

విశాఖ వెళ్ళినప్పుడు బీచ్ రోడ్డులో మా టీయూ-142 మ్యూజియంకి నాన్నగారిని తీసుకెళ్ళు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురుబొదురుగా తిరిగే రెండేసి ఫ్యాన్లు. 29 ఏళ్ళు పనిచేసి 2017లో ఆగింది. లోపలికెళ్ళి మేం కూర్చునే చోటు, ఆ కిటికీ చూడమను. అక్కడి నుంచి కిందికి చూస్తే ఎంత కనబడుతుందో ఆయనకే తెలుస్తుంది.


భైరవపాలెం కుర్రోడు

సార్, మీరు రాసిందంతా నాన్నకు చదివి వినిపించాను. చేయి ఊపని బోటు లేదన్న చోట ఆపమన్నాడు. "నిజమే రా, మనమూ ఊపుతాం కదా ఊరికే" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర ఆ ప్రశ్న అడగలేదు.

కాకినాడలో రేకుల పని చేసే ఆయన దగ్గర మీరు చెప్పిన ఆ రేకుల రిఫ్లెక్టర్ చేయించాను. మూలలు సరిగ్గా రావాలంటే ఆయన మొదట నవ్వాడు, సంగతి చెప్పాక మూలమట్టం పెట్టి ఒక్కో మూలా చూసి మరీ బిగించాడు, కూలి సగమే తీసుకున్నాడు. అంచు 35 సెంటీమీటర్లు. బాబాయి దాన్ని వెదురుకు కట్టి నిలబెట్టాడు. వాకీటాకీకి కొత్త బ్యాటరీ వేశాం. డ్యాట్ కోసం అప్లికేషన్ పెట్టాం. అమ్మ పల్లం అక్కతో ఫోన్లో గంటసేపు మాట్లాడింది, ఇప్పుడు మా వీధిలో కూడా పుస్తకం మొదలుపెడుతున్నారు. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేలోపు అందరి బోటు నంబర్లూ రాసేయాలంటున్నారు.

ఈ రోజు తెల్లవారుజామున నాన్న వాళ్ళు మళ్ళీ వెళ్ళారు. పుస్తకం ఇంకా రాలేదని అమ్మ క్యాలెండరు మీదే రాసింది: 3:40కి వెళ్ళారు, నలుగురు, తూర్పు వైపు, రేపు సాయంత్రం 5కి వస్తారు.